1113వ బంతి

2025 ఆగస్టు 4వ తేదీ సోమవారమునాడు, సాయంకాలము నాలుగు గంటలు దాటి, ఎండ తీవ్రత ఇంకను తగ్గక, వాడరేవు వైపునుండి సముద్రపు గాలి అప్పుడప్పుడే ఊరిలోనికి తిరుగుచున్న వేళ, చీరాలలో నేను నిత్యము కూర్చుండు టీ కొట్టు ముందర పదునైదుగురు మనుష్యులు ఒక్క ఫోను చుట్టు మూగి, గ్లాసులలోని టీ చల్లారిపోవుట కూడ గమనింపక, ఊపిరి బిగబట్టి నిలిచియుండిరి. లండను నగరమున ఓవల్ మైదానమునందు ఇంగ్లండు లక్ష్యమైన 374 పరుగులలో ఆనాటికి మిగిలినవి 35. చేతిలో నున్నవి నాలుగు వికెట్లు. ఆ నాలుగింట నొకటి భుజము తొలగిపోయి, చేతికి కట్టు వ్రేలాడగా దిగవలసిన క్రిస్ వోక్స్‌ది. గంటసేపైన గడచినదో లేదో, ఇంక ఏడు పరుగులు చేసిన ఇంగ్లండు గెలుచుననగా, హైదరాబాదు వాడైన మహమ్మద్ సిరాజ్ వేసిన యార్కరు అట్కిన్‌సన్ వికెట్టును కూల్చెను. మన జట్టు ఆరు పరుగుల తేడాతో నెగ్గెను. పరుగుల లెక్కన ఇంతకన్న స్వల్పమైన తేడాతో భారత జట్టు గెలిచిన టెస్టు అంతకుముందు లేదు.

టీ కొట్టు దద్దరిల్లెను. “చూశావా బాబాయ్, మనోడు ఎట్టా పడగొట్టాడో!” అని ఒక యువకుడు నా భుజము పట్టుకొని ఊపివేసెను. ఆ యువకుడే ముందటి దినమున, అదే బల్లపై కూర్చుండి, హారీ బ్రూక్ 19 పరుగుల వద్ద నుండగా ప్రసిద్ధ్ కృష్ణ బంతికి పైకి లేచిన క్యాచిని చేజిక్కించుకొనియు, కాలు బౌండరీ తాడుపై మోపి, వికెట్టు కావలసినదానిని సిక్సరుగా మార్చిన ఈ సిరాజ్‌నే, “వీణ్ణి పక్కనబెట్టి అర్ష్‌దీప్‌ని ఆడించాల్సింది బాబాయ్, నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా” అని దుయ్యబట్టియుండెను. బ్రూక్ ఆ తరువాత 111 పరుగులు చేయుటతో ఆ యువకుని వాదము రాత్రి వరకును ఎదురులేక సాగినది. నిందించిన నోరును పొగడిన నోరును ఒక్కటే. నడుమ గడచినది ఒక్క రాత్రి. అతనిని నేను తప్పు పట్టుట లేదు. ఏలయన, ఆదివారము రాత్రి పండుకొనబోవుచు నేనును అట్లే తలంచితిని.

టెస్టు మ్యాచులకు ఫాస్ట్ బౌలర్లను ఎన్నుకొను ప్రశ్న సెలెక్టర్ల గదిలోనుండి వీధిలోనికి వచ్చి చాలకాలమైనది. బుమ్రాను ఆడింపవలెనా, విశ్రాంతి నీయవలెనా. షమీని మరచుట న్యాయమా. ఆకాశ్ దీప్ ఉండగా ప్రసిద్ధ్ కృష్ణ ఏల. ముకేశ్ కుమార్ చేసిన తప్పేమి. ఎడమచేతివాటపు అర్ష్‌దీప్‌ను ఇంగ్లండుకు అంతదూరము కొనిపోయి ఐదు టెస్టులలో ఒక్కదానియందైనను ఆడింపక వెనుకకు తీసికొనివచ్చుట ఎందులకు – ఇట్టి ప్రశ్నలపై మంగలి దుకాణములలోను, పినాకిని ఎక్స్‌ప్రెస్ పెట్టెలలోను, పెండ్లి భోజనముల బంతులలోను ఎడతెగని వాదములు జరుగుచున్నవి. వీనిని పనిలేనివారి కాలక్షేపమని త్రోసివేయు పెద్దలు కలరు. నేను వారిలో నొకడను గాను. పదుగురు కూడి ఒక విషయమును తర్కించుట ఊరికి ఆరోగ్యలక్షణము. అయితే ఈ తర్కమున ఒక్క లోపము నాకు గోచరించుచున్నది: మనము వికెట్లను లెక్కించుచున్నాము గాని ఓవర్లను లెక్కించుట లేదు. పంటను తూచుటయే గాని, దుక్కి ఎవడు దున్నెనో అడుగుట మనకు అలవాటు కాలేదు.

ఈ వాదము మనకు లభించుటయే ఒక భాగ్యమని మొదట గ్రహింపవలెను. 1932 జూన్ నెలలో లార్డ్స్ మైదానమున భారత జట్టు తన తొలి టెస్టు ఆడిననాడు, నాగపురమున పుట్టిన తెలుగువాడు సి.కె. నాయుడు నాయకుడై యుండగా, మహమ్మద్ నిసార్, అమర్ సింగ్ అను ఇరువురు బంతి పట్టగా ఇంగ్లండు వారు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయిరి. నిసార్ ఆ ఇన్నింగ్సున ఐదు వికెట్లు పడగొట్టెను. అంత ఘనముగా మొదలైన ఆ పరంపర తరువాతి దశాబ్దములలో ఎండిన కాలువవలె నైపోయినది. 1967లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టునకు బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వేంకటరాఘవన్ అను నలుగురు స్పిన్నర్లను ఒక్కమారే దింపి, కొత్త బంతిని చేతబట్టుటకు మనిషి లేక, వికెట్ కీపింగు పనివాడైన బుధి కుందేరన్ చేత దాడిని ప్రారంభింపజేసిన దినములు మనవి. ఆ కాలమున కొత్త బంతి యనగా, దాని మెరుగు పోగొట్టి స్పిన్నర్ల చేతికి అప్పగించు ఒక లాంఛనము. సునీల్ గవాస్కర్ వంటి బ్యాట్స్‌మన్ కూడ ఆ లాంఛనమును నెరవేర్చినవాడే.

ఆ లాంఛనమును పనిగా చేసినవారిలో మన హైదరాబాదీ సయ్యద్ ఆబిద్ అలీ ఒకడు. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో తన తొలి టెస్టునందే 55 పరుగులకు ఆరు వికెట్లు తీసినవాడు. 1971 ఆగస్టులో ఇదే ఓవల్ మైదానమున, చంద్రశేఖర్ 38 పరుగులకు ఆరు వికెట్లు తీసి మార్గము సుగమము చేసిన పిమ్మట, ఇంగ్లండు గడ్డపై మనకు తొలి విజయము తెచ్చిన ఫోరును కొట్టినవాడును అతడే. ఆనాడు బాలుడనైన నేను మా వీధిలో నున్న ఒకే ఒక రేడియో చుట్టు మూగినవారిలో నుంటిని. జనము చంద్రశేఖర్ పేరు చెప్పుకొని ఊరేగిరి, న్యాయమే. ఆబిద్ అలీ పేరు ఆ రాత్రి మాత్రము వినబడి, మరునాటికి మాసిపోయినది. అతడు 2025 మార్చిలో అమెరికాలో కన్నుమూసెను. ఐదు నెలలు తిరుగక మునుపే, అతని ఊరివాడే మరియొకడు, అదే ఓవల్‌లో కడపటి దెబ్బ కొట్టెను. రేడియో పోయి ఫోను వచ్చినది. మూగిన జనము తీరు మాత్రము మారలేదు.

1978లో ఫైసలాబాదులో కపిల్‌దేవ్ అడుగిడిన పిమ్మట మన చింత కొంత తీరినది. అయినను స్వదేశమున మాత్రము పేసర్లకు చోటు చాలలేదు. 1991లో బ్రిస్బేన్‌లో టెస్టు ప్రవేశము చేసిన శ్రీనాథ్, 1993 తొలి నెలలలో ఇంగ్లండు జట్టు మన దేశమునకు వచ్చి మూడు టెస్టులును ఓడిపోయిన వరుసలో ఒక్కదానియందును బంతి పట్టలేదు. కుంబ్లే, రాజేశ్ చౌహాన్, మన వేంకటపతి రాజు కలిసి స్పిన్నుతో పని ముగించిరి. అప్పటి ప్రశ్న, ఉన్న ఒక్కనికి చోటున్నదా యని. ఇప్పటి ప్రశ్న, ఉన్న ఎనిమిదిమందిలో ఎవరికి చోటు అని. దారిద్ర్యమున పుట్టిన వాదమునకును, సమృద్ధియందు పుట్టిన వాదమునకును భేదమున్నది. దరిద్రుడు ఉన్న గుడ్డ కట్టుకొనును. కలిగినవాడు ఏ గుడ్డ దేనికో తెలిసి కట్టుకొనవలెను. మనకు కలిమి వచ్చినది గాని, ఆ తెలివిడి ఇంకను రాలేదు.

గుడ్డ మాట వచ్చినది గనుక, మా ఊరి పని నొకదానిని చెప్పెదను. జాండ్రపేటలోను, పేరాలలోను, ఈపూరుపాలెములోను గుంటమగ్గము ముందు కూర్చుండిన నేతగాని చూచినవారికి పడుగు, పేక అనునవి ఏమో చెప్పనక్కరలేదు. పడుగు పోగులు మగ్గము పొడవున బిగువుగా సాగి, నేత ముగియువరకు ఆ బిగువును భరించుచునే యుండును. పేక పోగు నాడెలో కూర్చుండి అటునిటు పరుగిడుచు, రంగును, వన్నెను చూపును. దుకాణమున చీర విప్పినవారు అంచు చూతురు, బుటా చూతురు, జరీ మెరుగు చూతురు. పడుగును పొగడిన కొనుగోలుదారుని నేను నా జన్మమున చూడలేదు. పడుగు పోగు తెగినప్పుడు మాత్రము నేతగాడు నాడెను ఆపి, వంగి, అతుకువేసి గాని ముందునకు సాగడు. ఇక జరీ సంగతి: అది విలువైనది, సున్నితమైనది, ఎంత ధనవంతుడైనను చీర నంతయు జరీతో నేయింపడు. ఎచ్చట మెరయవలెనో అచ్చటనే దానిని వాడు నేతగానిని పిసినారి యనువారును లేరు.

టెస్టు జట్టులో ఫాస్ట్ బౌలర్ల కూర్పు ఇట్టిదే. దినమునకు తొంబది ఓవర్లు. ఎనుబది ఓవర్లకు గాని కొత్త బంతి రాదు. మొదటి ఇరువది ఓవర్లలో మెరుగును, కుట్టును నిలిచియుండగా వికెట్లు ఆశించి బంతి కోరని బౌలరు ఉండడు. మధ్యాహ్నపు ఎండలో, కుట్టు అణగి, బంతి మెత్తబడి, ఇరువురు బ్యాట్స్‌మెన్ కుదురుకొనిన పిమ్మట, నలువదవ ఓవరునుండి డెబ్బదవ ఓవరు వరకు ఎవడు వేయును? ఒక చివర పరుగులు రాకుండ బిగించి, ఆ బిగువుచే రెండవ చివరనున్న బౌలరుకు వికెట్టు నిచ్చువాడు ఎవడు? వేగముగా పరుగెత్తి వచ్చి బంతి విడుచు క్షణమున బౌలరు ముందుకాలిపై పడు భారము అతని శరీరభారమునకు అనేక రెట్లు. ఆ తాకిడి మోకాలి గుండ నడుమునకు ప్రాకి, వెన్నుపూసలపై పడును. అట్టి తాకిడిని దినమునకు నూరు మార్లకు పైగా, ఐదు దినములు, ఐదు టెస్టులు సహింపగల శరీరము లోకమున అరుదు. సెలెక్టరు తూచవలసినది ఈ రెండింటిని: వికెట్టు తీయు నేర్పును, భారము మోయు ఓర్పును. వీధిలోని మన త్రాసునకు ఒక్కటే సిబ్బె యున్నది.

2025 వేసవిలో జరిగిన ఇంగ్లండు పర్యటన ఇందులకు చక్కని దృష్టాంతము. ఆస్ట్రేలియాలో ఐదు టెస్టులాడి 151 ఓవర్లకు పైగా వేసి 32 వికెట్లు తీసిన జస్‌ప్రీత్ బుమ్రా, జనవరిలో సిడ్నీ టెస్టు నడుమ వెన్నునొప్పితో మైదానము విడిచెను. 2023లో వెన్నునకు శస్త్రచికిత్స జరిగినవాడు గూడ. కావున ఇంగ్లండులో అతడు ఐదింట మూడు టెస్టులే ఆడునని ముందుగానే ప్రకటించిరి. అతడు లీడ్స్, లార్డ్స్, మాంచెస్టరులలో ఆడెను: మొదటి రెండింట మనము ఓడితిమి, మూడవది డ్రా. అతడు లేని ఎడ్జ్‌బాస్టన్‌లో 336 పరుగుల తేడాతోను, ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతోను నెగ్గితిమి. అంతట వీధులలో ఒక సిద్ధాంతము బయలుదేరెను: “బుమ్రా లేకపోతేనే గెలుస్తున్నాం.” ఒక సెలవుదినమున మా టీ కొట్టు ముందర దీనిపై జరిగిన వాదము ఎంత వేడెక్కెననగా, కొట్టు యజమాని తన రేడియో కట్టివేయవలసివచ్చెను.

ఈ సిద్ధాంతము వంటి అన్యాయమైనది మరియొకటి లేదు. లీడ్స్‌లో మన బ్యాట్స్‌మెన్ ఐదు శతకములు చేసిరి. అయినను రెండు ఇన్నింగ్సులలోను చివరి వికెట్లు పేకమేడవలె కూలినవి, చేతికి వచ్చిన క్యాచులు జారినవి, ఇంగ్లండు 371 పరుగుల లక్ష్యమును ఛేదించినది. ఆ టెస్టు మొదటి ఇన్నింగ్సున ఐదు వికెట్లు తీసినవాడు బుమ్రాయే. లార్డ్స్‌లోను మొదటి ఇన్నింగ్సున ఐదు వికెట్లు అతనివే. ఓడినది 22 పరుగుల తేడాతో, అదియును జడేజా ఒక చివర నిలిచియుండగా, చివరివాడైన సిరాజ్ చక్కగా ఆడి ఆపిన బంతియే దొర్లుకొనుచు పోయి వికెట్టును తాకుటవలన. ఆ దొర్లిన బంతికి బుమ్రా ఎట్లు బాధ్యుడు? కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కమారే జరిగినంతనే కాకిని నిందించు తర్కమిది. మూడు టెస్టులను చూచి ఒక మహా బౌలరుకు శాస్త్రము వ్రాయువారు, చీరాలలో ఒకనాడు వాన కురిసినదని సంవత్సరమంతయు గొడుగు పట్టుకొని తిరుగువారితో సమానులు.

జరీని పొదుపుగా వాడుట ఒప్పే. అయితే ఆ పొదుపు ఎవని భుజములపై నిలిచినది? ఐదు టెస్టులును ఆడిన ఫాస్ట్ బౌలరు మన జట్టులో సిరాజ్ ఒక్కడే. ఎడ్జ్‌బాస్టన్‌లో మొదటి ఇన్నింగ్సున 70 పరుగులకు ఆరు వికెట్లు తీసెను. కాని ఆ టెస్టునందు మొత్తము పది వికెట్లు తీసిన ఆకాశ్ దీప్ పేరే, న్యాయముగానే, మారుమ్రోగెను. మాంచెస్టరునాటికి ఆకాశ్ దీప్, అర్ష్‌దీప్ ఇరువురును గాయపడగా, భారతమునుండి హుటాహుటిని పిలిపించిన అన్షుల్ కంబోజ్‌ను దింపవలసివచ్చెను. ఇంగ్లండు 669 పరుగులు చేసినది. ఆ దీర్ఘమైన ఇన్నింగ్సులోను బంతి పట్టినవాడు సిరాజ్. వరుస ముగియునప్పటికి అతడు వేసినవి 185 ఓవర్ల మూడు బంతులు, తీసినవి 23 వికెట్లు; ఉభయ జట్లలోను అంతకు మించినవాడు లేడు. 23 అను అంకె చిన్నపిల్లలకు కూడ కంఠస్థమైనది. 185 అను అంకెను నాకు చెప్పినవాడు మా టీ కొట్టు వద్ద ఒక్కడును లేడు.

అట్లని ఓవర్లు వేసినవాడెల్ల ప్రతి టెస్టునను ఆడవలెనని నా వాదము గాదు. 2024 జనవరిలో ఇంగ్లండు జట్టు హైదరాబాదుకు వచ్చినప్పుడు, స్వంత ఊరిలో, ఉప్పల్ మైదానమున, సిరాజ్ చేత వేయించినవి రెండు ఇన్నింగ్సులలో కలిపి పదకొండు ఓవర్లే; వికెట్టు దక్కలేదు, టెస్టు 28 పరుగుల తేడాతో పోయినది. మరుసటి వారము విశాఖపట్టణములో అతనికి విశ్రాంతి నిచ్చి ముకేశ్ కుమార్‌ను ఆడించిరి. “మనోణ్ణి మన వైజాగులోనే ఆడించరా?” అని అప్పుడును కోలాహలము. ఆ విశాఖలోనే, పొడి పిచ్‌పైన, బుమ్రా ఒక యార్కరుతో ఓలీ పోప్ వికెట్లను చెదరగొట్టి, 45 పరుగులకు ఆరు వికెట్లు తీసెను. రాజకోటలో సిరాజ్ తిరిగివచ్చి నాలుగు వికెట్లు తీసెను. రాంచీలో బుమ్రాకు విశ్రాంతి. అచ్చట కొత్తవాడైన ఆకాశ్ దీప్ మొదటి స్పెల్లులోనే మూడు వికెట్లు పడగొట్టెను. ఈ వరుసను తిరిగి చూచినచో, ఎవనికి ఎప్పుడు విశ్రాంతి, ఎవనికి ఎచ్చట పని యన్నదానిలో ఒక విధానము కనబడును. మనము ఆనాడు చూచినది విధానమును గాదు, మనవాడు లేకపోవుటను.

“మనవాడు” అను మాట తీయనిది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 వద్ద నిలిచియుండగా, చివరివాడుగా వచ్చిన సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులను తట్టుకొనినప్పుడు, తెలుగునేల నంతటను ఆ మూడు బంతులకు గుండె ఆగినది నిజమే. ఆ గుండెలలో నాదియు నొకటి. కాని ఈ తీపి మన తీర్పున కలసినప్పుడు తూకము తప్పును. 2019 ప్రపంచ కప్పు జట్టులో గుంటూరు వాడైన అంబటి రాయుడుకు చోటు దక్కనప్పుడు, విజయ్ శంకర్ మూడు విధముల ఉపయోగపడునని సెలెక్టర్లు చెప్పిన మాటపై రాయుడు త్రీడీ కళ్లజోడు పేర విసరిన వ్యంగ్యము ఇంటింట నవ్వు పుట్టించినది. ఆ సెలెక్టర్లకు అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్; ఆయనయు గుంటూరు సీమవాడే. మనవానిని ప్రక్కన పెట్టినవాడును మనవాడే యైనప్పుడు అభిమానము ఏ ప్రక్క చేరవలెను? పరిమిత ఓవర్ల ఆటకే తగినవాడని పేరుపడిన బుమ్రాను 2018 జనవరిలో కేప్‌టౌన్ టెస్టునకు దింపిననాడు సెలెక్షను కమిటీ అధ్యక్షుడును ఈ ప్రసాద్‌గారే. రాయుడు విషయమున ఆయనను తిట్టినవారు వేలమంది. బుమ్రా విషయమున మెచ్చినవారిని నేను వ్రేళ్లమీద లెక్కింపగలను.

సిరాజ్ కథయే ఎంపిక యనునది ఎంత విచిత్రమైన వస్తువో చెప్పగలదు. ఆటో నడుపు తండ్రికి కుమారుడై, టెన్నిస్ బంతితో ఆడుచు పెరిగి, 2016–17 రంజీలో హైదరాబాదుకు 41 వికెట్లు తీసి వెలుగులోనికి వచ్చినవాడు. 2020 నవంబరులో అతడు ఆస్ట్రేలియాలో నుండగా తండ్రి గతించెను; ఇంటికి మరలక అచ్చటనే నిలిచెను. అడిలైడ్‌లో షమీ ముంజేతి ఎముక విరుగుటవలన మెల్‌బోర్న్‌లో అతనికి తొలి టెస్టు లభించినది. ఒకరి వెంట నొకరుగ పెద్దలందరు గాయపడి తొలగుటవలన, బ్రిస్బేన్‌లో మూడవ టెస్టు మాత్రమే ఆడుచున్న అతడు దాడికి పెద్దదిక్కై, 73 పరుగులకు ఐదు వికెట్లు తీసెను. ఏ సెలెక్టరు కాగితముపైనను ఆ దాడి ముందుగా వ్రాసియుండలేదు. ఫాస్ట్ బౌలర్ల విషయమున ఎంపిక యనగా సగము శరీరములు చేయు నిర్ణయమే. మిగిలిన సగమును మనుష్యులు చేయుదురు. ఈ సంగతి నెరిగిన పిమ్మట “వాడెందుకు, వీడెందుకు కాడు” అను ప్రశ్నకు ముందు “ఎవని నడుము ఈ వారము ఎన్ని ఓవర్లు మోయగలదు” అను ప్రశ్న రావలెను.

ఈ ప్రశ్నకు సమాధానము మనకు తెలియుటకు సెలెక్టర్లు నోరు విప్పవలెను గదా యని పాఠకులు అడుగవచ్చును. అడుగవలసినదే. బుమ్రా మూడు టెస్టులే ఆడునని ముందుగా చెప్పుటవలన ఎదుటి జట్టునకు రహస్యము తెలిసినదని కొందరు ఆక్షేపించిరి. నా మట్టుకు అది మంచి పనియే. చెప్పిరి గనుకనే, ఆ నిర్ణయమును తప్పనువారును ఒప్పనువారును ఒకే ఆధారముపై నిలిచి తర్కింపగలిగిరి. 64 టెస్టులలో 229 వికెట్లు తీసిన షమీ విషయమున అట్లు జరుగలేదు. అతని శరీరము సిద్ధముగా నున్నదా లేదా యన్నదానిపై 2025 అక్టోబరులో ఆటగాడును, సెలెక్షను కమిటీ అధ్యక్షుడును పత్రికల ముఖమున ఒకరికొకరు బదులు చెప్పుకొనవలసివచ్చెను. మౌనమున్నచోట వదంతి మొలచును; వదంతిని పెరుకుట కలుపును పెరుకుటకన్న కష్టము. జట్టు పేర్లతోపాటు, తీసికొనని ప్రతి ఫాస్ట్ బౌలరు విషయమున రెండు వాక్యముల కారణము ప్రకటించుట బోర్డునకు భారము గాదు.

సెలెక్టర్ల బాధ్యత అంతటితో తీరును. మన బాధ్యత మిగిలియున్నది. పైవారి నిర్ణయమును కాదనుట మా ఊరికి కొత్త గాదు. మునిసిపాలిటీ పన్నులు మోయజాలమని, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున చీరాల–పేరాల జనము వేలకొలది ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని సుమారు పదకొండు నెలలు కాపురముండిరి. ఆ త్యాగమును ఆటకు ముడిపెట్టుట నా ఉద్దేశము గాదు. అంత పెద్దది ఇచ్చట అవసరమును లేదు. కాని, కాదని చెప్పు మాటకు కొంత వెల చెల్లించినప్పుడే దానికి బరువు వచ్చునని ఆ తాతలు మాకు నేర్పిరి. క్రికెట్టు అభిమాని చెల్లించవలసిన వెల మిక్కిలి స్వల్పము: చలికాలమున మంగళగిరిలోనో, మూలపాడులోనో, విజయనగరములోనో రంజీ మ్యాచి జరుగునప్పుడు ఒక్క పూట పోయి కూర్చుండుట, భోజన విరామము తరువాత, ఖాళీ మెట్ల ముందు, పాతబడిన బంతితో ఒక కుర్రవాడు ఆరవ స్పెల్లు ఎట్లు వేయుచున్నాడో చూచుట. అట్లు చూచినవాడు మరునాడు టీ కొట్టు వద్ద నోరు విప్పినచో, నేను నా గ్లాసు క్రింద పెట్టి వినుటకు సిద్ధముగా నున్నాను.

ఓవల్ టెస్టులోని ఆ కడపటి యార్కరును మన ఫోనులు నేటికిని మరల మరల చూపుచునే యున్నవి. ఆ వరుసలో సిరాజ్ వేసిన ఓవర్లను బంతులుగా మార్చి చూచితిని: 185 ఓవర్లు, మూడు బంతులు, వెరసి 1113. టెస్టు ముగిసినది అతని బంతితోనే గనుక, అట్కిన్‌సన్ వికెట్టును కూల్చినది ఆ 1113వ బంతి. మొన్న ఈ లెక్కను ఒక కాగితపు తునకపై వ్రాసి, ఆనాడు నా భుజము పట్టుకొని ఊపిన యువకుని ముందు పెట్టితిని. అతడు కొంతసేపు దానిని చూచి, “అంటే, నేను తిట్టింది ఎన్నో బంతి తర్వాత బాబాయ్?” అని అడిగెను. లెక్క నాకు తెలియదంటిని. “తెలుసుకోవాలి” అని, కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, టీ డబ్బులు తానే ఇచ్చి వెడలిపోయెను.